కెమెరా తెచ్చే ముందు మాకో మాట చెప్పండి: థర్మల్ సర్వేలు చేసేవారికి, చేయించేవారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో భవనాలకు థర్మల్ సర్వేలు (ఎక్కడ వేడిగా, ఎక్కడ చల్లగా ఉందో రంగుల్లో చూపించే కెమెరాతో చేసే తనిఖీలు) చేస్తున్న సంస్థలకు, సర్వేయర్లకు, వాటిని చేయించుకుంటున్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల కార్యవర్గాలకు,

నమస్కారం.

నేను కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. 31 ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా భవనానికి సర్వే చేసిన సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ‘మీ ఫిర్యాదు నమోదైంది’ అని మెసేజ్ వచ్చింది. రెండోదానికి అదీ లేదు. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టు సంతకం పెట్టిన కార్డు ఒక్కటే తిరిగొచ్చింది. వాళ్ల పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ గొడవ వాళ్లకూ మాకూ మధ్యదైపోతుంది, మిగతావాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. మియాపూర్‌లో మా చెల్లెలి అపార్ట్‌మెంట్‌లోనూ, మల్కాజిగిరిలో నాతో పనిచేసిన ఒక టీచరు గారింట్లోనూ ఇదే తంతు జరిగింది. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మా దగ్గర జరిగింది ఇదీ.

మూడో అంతస్తులో ఒక పడకగది సీలింగ్‌కు నెమ్ము మరక ఉంది. అంతకుముందు అక్టోబరు వానలకు వచ్చింది. కమిటీలో మాట్లాడుకుని, గోడలు పగలగొట్టకుండా లీకేజీ ఎక్కడుందో కెమెరా చూపిస్తుందట అని సర్వేకు ఒప్పుకున్నాం. ఎలాగూ వస్తున్నారు కదా అని సెల్లార్‌లోని కరెంటు ప్యానెళ్లు, టెర్రస్ కూడా అందులోనే కలిపేశాం. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. జీవితమంతా పిల్లలకు వేడి ఎలా ప్రయాణిస్తుందో చెప్పినదాన్ని, ఒక్క ప్రశ్న అడగలేదు.

మే నెల రెండో వారంలో ఒక బుధవారం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ముందు రోజు ఎవరికీ ఏ కబురూ లేదు. ఉదయం పదకొండుకు సెల్లార్ చూశారు. మధ్యాహ్నం రెండున్నరకు ఆ పడకగదిలోకి వెళ్లారు. అప్పటిదాకా అక్కడ ఏసీ నడుస్తూనే ఉంది, చల్లగాలి నేరుగా సీలింగ్‌ను రాసుకుంటూ పోతోంది. బొమ్మలో సీలింగ్ మీద నీలంరంగు పాయ ఒకటి కనిపించింది. రిపోర్టులో ‘నీరు చేరిన ప్రాంతం, మూలం పై అంతస్తు బాత్రూమ్’ అని రాశారు.

పై అంతస్తులో ఉండేది ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన, ఆయన భార్య. ఆమెకు మోకాలి ఆపరేషనై అప్పటికి ఐదు వారాలు. రిపోర్టు చేతిలో పట్టుకుని వాళ్ల బాత్రూమ్ నేల తవ్వించాం. పదకొండు రోజులు ఆమె వాకర్ పట్టుకుని ఎదురు ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్‌కు వెళ్లివచ్చింది. 68,000 రూపాయలైంది. టైల్స్ కింద చుక్క తడి లేదు.

జూలైలో వాన గట్టిగా పడిన రాత్రి మరక మళ్లీ పెద్దదైంది. ప్లంబర్‌తో వచ్చిన హెల్పర్ టార్చి వేసుకుని డక్ట్‌లోకి దిగి, టెర్రస్ నుంచి వచ్చే వాననీళ్ల పైపు జాయింట్ మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసింది. వెతుకులాట అక్కడితో అయిపోయింది. వాన పడితేనే కారే పైపు, వాన లేని మే నెలలో ఏ కెమెరాకు కనిపిస్తుంది?

ఇందులో కెమెరా తప్పేమీ లేదు. 1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు పక్కన ఏ రంగూ లేనిచోట థర్మామీటర్ పెట్టి చూశాడు. పాదరసం పైకెక్కింది. పాఠ్యపుస్తకాల్లో మేం పరారుణ కిరణాలు అని చెప్పేది వీటినే. భవనాలకు వాడే కెమెరాలు చాలావరకు 8 నుంచి 14 మైక్రోమీటర్ల మధ్యవాటిని పట్టుకుంటాయి. వాటితో కెమెరా లెక్కగట్టేది ఉపరితలం ఉష్ణోగ్రతనే. గోడ లోపలికి చూడలేదు. నీళ్లనూ చూడలేదు. తడి ఆవిరవుతూ పైపొరను చల్లబరిస్తే ఆ చల్లదనాన్ని చూపిస్తుంది. ఏసీ గాలి చల్లబరిచినా అదే నీలం. ఇప్పుడే తడిగుడ్డ పెట్టిన నేల, కూలర్ పక్కన గోడ, తులసికోటకు పోసిన నీళ్లు జారిన బాల్కనీ అంచు, అన్నీ దానికి ఒకటే. ఏది ఏదో తేల్చాల్సింది మనిషి. ఆ మనిషి తేల్చగలగాలంటే ఇంటిని ముందే సిద్ధం చేసి ఉంచాలి. మీ దగ్గర లేనిది ఈ రెండోదే.

ఇప్పుడు మా విన్నపాలు, వాటి వెనకున్న కారణాలు.

1. కనీసం మూడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. తెలుగులోనూ, ఉర్దూ, హిందీ చదివేవాళ్లున్న చోట ఆ భాషల్లోనూ ఇవ్వండి. ‘సహకరించగలరు’ అన్న ఒక్క ముక్కతో పని జరగదు. ఏం చెయ్యాలో చెప్పండి: చూడబోయే గోడకు ఆనించిన బీరువా, మంచం, క్యాలెండర్లు, ఫొటోలు ముందు రాత్రే జరపాలి (సర్వేకు ఐదు నిమిషాల ముందు తీస్తే బీరువా నీడ గోడ మీద ఇంకా ఉంటుంది, అదే మచ్చలా కనిపిస్తుంది), గోడ అల్మారాల తలుపులు తీసి ఉంచాలి, ఆ పూట ఇల్లు తుడవొద్దని పనమ్మాయికి చెప్పాలి, ఆ గదిలో ఫ్యాను, కూలర్ ఆపాలి, ఏసీ ఆపాలా, ఒకే ఉష్ణోగ్రత మీద నడపాలా అన్నది మీరు చూస్తున్నదాన్ని బట్టి ముందే తేల్చాలి. ఇవన్నీ ఏ ఇల్లాలైనా చేసిపెట్టగల పనులే. చెప్పేవాళ్లు లేక చెయ్యలేదు.

2. ఒక్క రాకతో అన్నీ చూసేస్తామని ఒప్పుకోవద్దు. మేం అడిగినా ఒప్పుకోవద్దు. ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది. లోపలి చల్లదనం, చలికాలంలో అయితే వెచ్చదనం, ఎక్కడ బయటికి పోతోందో చూడాలంటే లోపలికీ బయటికీ కనీసం పది డిగ్రీల తేడా కొన్ని గంటలపాటు నిలకడగా ఉండాలి, గోడ మీద ఎండ ఉండకూడదు. మన ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున బయట 15 డిగ్రీల దగ్గరుంటుంది, ఇంట్లో 25 ఉంటుంది. ఆ తేడా ఊరికే దొరుకుతుంది. మే నెలలో తెల్లవారుజామున వస్తే బయట కూడా 27, 28 ఉంటుంది కాబట్టి ఏమీ కనిపించదు. అప్పుడైతే గదుల్లో ఏసీ నడుస్తుండగా రాత్రి తొమ్మిది తర్వాత రావాలి. మిట్టమధ్యాహ్నం పడమటి గోడను బయటి నుంచి తీసిన ఫొటోలో ఎండ తప్ప ఇంకేం ఉంటుంది? లీకేజీ అయితే, వానకు కారేదైతే వానాకాలంలో రండి. బాత్రూమ్ మీద అనుమానముంటే ముందు నీళ్లు కట్టి 24 గంటలు నిలబెట్టి, కింది సీలింగ్‌ను నీళ్లకు ముందొకసారి, తర్వాతొకసారి చూడండి. వేడినీళ్ల లైనైతే గీజర్ వేసి నీళ్లు వదిలి చూడండి. ‘పాండింగ్ టెస్ట్ (అదే, నీళ్లు నిలబెట్టి చూడడం) మా ప్యాకేజీలో లేదు’ అని మా దగ్గరికొచ్చిన కుర్రాడు అన్నాడు. మరి తవ్వడం ఎవరి ప్యాకేజీలో ఉంది?

3. కెమెరా చెప్పినదాన్ని ఇంకో పరికరంతో సరిచూడకుండా ‘తడి’ అన్న మాట రిపోర్టులో రాయొద్దు. సూదులు గుచ్చి చూసే మాయిశ్చర్ మీటర్ ఉంది కదా, కెమెరా ఖరీదులో అదెంత? అప్పటిదాకా ‘ఉష్ణోగ్రత తేడా ఉన్న ప్రాంతం’ అని మాత్రం రాయండి. అలా రాసి ఉంటే కండక్టరు గారి బాత్రూమ్ జోలికి మేం పోయేవాళ్లం కాదు. ఒక్క మాట మీద సుత్తి దిగింది.

4. కరెంటు ప్యానెళ్ల విషయం వేరేగా, కొంచెం వివరంగా చెప్పాలి. దీనిలో ప్రాణాలున్నాయి.

మా బ్లాకు మెయిన్ ప్యానెల్ 400 ఆంపియర్లది. సర్వే జరిగిన బుధవారం ఉదయం పదకొండుకు అందరూ ఆఫీసుల్లో, పిల్లలు అమ్మమ్మల ఊళ్లలో. మా ఎలక్ట్రీషియన్ రాసిపెట్టే పుస్తకం ప్రకారం అప్పుడు లోడు 70 ఆంపియర్లు. రిపోర్టులో ‘అన్నీ సాధారణం’. పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి పదింటికి, ఏసీలన్నీ నడుస్తుండగా 300 ఆంపియర్ల దగ్గర ఒక ఫేజ్ బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీ) జాయింట్ కాలిపోయింది. వదులైన జాయింట్‌లో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. పదో తరగతి పాఠమే. 70కి, 300కి మధ్య ఆ వేడి 18 రెట్లు పెరుగుతుంది. అంటే ఉదయం పదకొండుకు ఆ జాయింట్ నిద్రపోతోంది. నిద్రపోయేవాడి నాడి చూసి పరుగుపందేనికి పనికొస్తాడని రాసిచ్చినట్టుంది ఆ రిపోర్టు. కరెంటు పరికరాల నిర్వహణ మీద ఎన్‌ఎఫ్‌పీఏ 70బి అనే అమెరికా మార్గదర్శకం ఇలాంటి పరీక్షకు కనీసం 40 శాతం లోడు ఉండాలని చెబుతూ వచ్చింది. మా ప్యానెల్‌కు అది 160 ఆంపియర్లు. రాత్రి తొమ్మిదికి వస్తామని చెప్పి, ఆ గంటసేపు ఏసీలు వేసి ఉంచమని మమ్మల్ని అడిగితే, ఆ ఒక్క విషయంలో ఎవరూ కాదనేవాళ్లు కాదు.

ఇంకొకటి. ప్యానెల్ తలుపు తీశారు గానీ లోపల బస్‌బార్లకు అడ్డంగా ఉన్న ఆక్రిలిక్ షీటు తియ్యలేదు. మన కంటికి అది అద్దంలా పారదర్శకం, ఈ కెమెరాకు అడ్డుగోడ. ఫొటోలో నమోదైంది ఆ షీటు ఉష్ణోగ్రత. ఆ షీటు తియ్యడం ప్రమాదమని తెలుసు. అందుకే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను తగిన రక్షణ దుస్తులతో పక్కన ఉంచి తీయించాలి, కుదరకపోతే ‘ఈ ప్యానెల్ చూడలేదు’ అని రాయాలి. చూడనిదాన్ని చూసినట్టు రాయకూడదు. రిపోర్టులో ప్రతి ప్యానెల్ దగ్గరా మూడు ఫేజుల ఆంపియర్లు ఆ నిమిషానికి ఎంతున్నాయో రాయండి. ఒకే లోడు మోస్తున్న ఒకే రకం జాయింట్లలో ఒకటి మిగతావాటికన్నా 15 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే వెంటనే ఫోన్ చేసి చెప్పండి; రిపోర్టు బైండింగ్ అయ్యేదాకా ఆగకండి.

ఆ రాత్రి తొమ్మిది గంటలు కరెంటు లేదు. లిఫ్టు లేదు. ఐదో అంతస్తులో ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్న పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దించారు. మంటలు లేవలేదు, అది మా అదృష్టం. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో అగ్నిప్రమాదానికి 17 మంది పోయిన ఊరు మనది. షార్ట్‌సర్క్యూట్ అన్న మాట ఇక్కడ పేపర్లో చదివి పక్కన పెట్టేసేది కాదు.

5. మెరిసే వస్తువుల దగ్గర మనిషి బుర్ర వాడాలి. మా రిపోర్టులో ఏడో అంశం: ‘లిఫ్ట్ డోర్‌పై హాట్ స్పాట్, తదుపరి పరిశీలన అవసరం’. ఫొటోను రెండు నిమిషాలు చూశాను. ఆ హాట్ స్పాట్‌కు తల ఉంది, భుజాలున్నాయి, చేతిలో ఏదో పట్టుకుని ఉంది. ఫొటో తీసిన కుర్రాడే! స్టెయిన్‌లెస్ స్టీలు తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్ల వేడిని అద్దంలా తిరిగి చూపిస్తుంది. రంగు వేసిన గోడ ఎమిసివిటీ (తన వేడిని ఎంత బాగా వెలువరిస్తుందో చెప్పే అంకె) 0.9కి పైన ఉంటుంది, మెరిసే రాగి, అల్యూమినియంలది 0.1 దగ్గరో ఇంకా కిందో ఉంటుంది. రెండింటికీ ఒకే అంకె పెట్టి చదివితే మెరిసే బస్‌బార్ కాలిపోతున్నా చల్లగానే కనిపిస్తుంది. లోహం మీద కొలవాలంటే కరెంటు ఆపినప్పుడు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, తర్వాత లోడు మీద ఆ టేపు మీద చదవొచ్చు. నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో చుట్టుపక్కల నుంచి ప్రతిఫలించే ఉష్ణోగ్రత చూసుకోవచ్చు. ఈ పనులకు పెద్ద ఖర్చేమీ కాదు. గచ్చిబౌలి, మాదాపూర్ అద్దాల భవనాలను కింద నిలబడి తీసేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి: అద్దం గుండా ఈ కిరణాలు రావు. పై అంతస్తుల అద్దాల్లో చల్లగా కనిపించేది చాలాసార్లు ఆకాశమే.

6. రంగులతో భయపెట్టొద్దు. మా టెర్రస్ ఫొటోలో ఒక మూల ఎర్రగా, ఒక మూల ముదురు నీలంగా ఉంది. చూసినవాళ్లంతా అమ్మో అన్నారు. పక్కనున్న స్కేలు చదివితే ఆ రెండు మూలల మధ్య తేడా 1.1 డిగ్రీ. కెమెరాను ఆటోమేటిక్ సెట్టింగ్‌లో వదిలేస్తే ఉన్న కొద్దిపాటి తేడానే సాగదీసి మొత్తం రంగులన్నీ పులిమేస్తుంది. పోల్చాల్సిన ఫొటోలన్నింటికీ ఒకే స్కేలు పెట్టండి, అంకెలు కనిపించేలా ముద్రించండి.

ఈ విషయంలో కూల్ రూఫ్ రంగులు అమ్మేవాళ్లకూ ఒక మాట. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మంచిదే, మేమూ తెల్లరంగు వేయించాం. కానీ ‘ముందు’ ఫొటో మధ్యాహ్నం రెండుకు, ‘తర్వాత’ ఫొటో ఉదయం పదికి తీసి పక్కపక్కన పెట్టి చూపించడం ఏం న్యాయం? వెండిరంగు అల్యూమినియం పూతలైతే ఇంకా తమాషా, ఎమిసివిటీ సరిచెయ్యకపోతే ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తాయి.

7. రిపోర్టుతో పాటు అసలు ఫైళ్లు ఇవ్వండి. పీడీఎఫ్‌లో అతికించిన బొమ్మను ఎవరూ తిరిగి పరీక్షించలేరు. ప్రతి పిక్సెల్‌లో ఉష్ణోగ్రత దాచుకున్న రేడియోమెట్రిక్ ఫైళ్లు మేం డబ్బు పెట్టి కొన్నవి. వాటితో పాటు తీసిన సమయం, బయటి ఉష్ణోగ్రత, లోపలి ఉష్ణోగ్రత, గాలి, గత రెండు రోజుల్లో వాన పడిందా లేదా, దూరం, ఎమిసివిటీ అంకె, కెమెరా కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో సరిచూడడం) జరిగిన తేదీ ఉండాలి. ఆరో అంతస్తును రోడ్డు మీద నుంచి తీసినప్పుడు దూరం మరీ ముఖ్యం. 320 పిక్సెళ్ల వెడల్పు, 24 డిగ్రీల లెన్సు ఉన్న కెమెరాకు 20 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ రెండున్నర సెంటీమీటర్లకు పైగా గోడను కప్పేస్తుంది. అక్కడ జుట్టు మందం పగులు కనిపించిందని రాస్తే నేను సున్నా మార్కులు వేస్తాను.

8. మా పడకగదులు మీ ప్రదర్శనకు కాదు. ఈ కెమెరాలు చాలావరకు మామూలు ఫొటో కూడా పక్కనే తీస్తాయి. మా రిపోర్టును మేనేజ్‌మెంట్ ఏజెన్సీ యథాతథంగా వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. ఒకరి పూజగది, ఒకరి బాలింత పడుకున్న మంచం, ఒకరి అల్మారా, అన్నీ ఎనభై నాలుగు కుటుంబాల ఫోన్లలోకి వెళ్లాయి. ఎవరి ఇంటి పేజీలు వాళ్లకే ఇవ్వండి. డ్రోన్‌తో తీస్తే పక్క భవనాల వాళ్లకు కూడా ముందే చెప్పండి. 2021 డ్రోన్ నిబంధనలు ఎలాగూ మీకు తెలిసి ఉండాలి, బేగంపేట, హకీంపేట చుట్టుపక్కల అయితే అనుమతి లేకుండా ఎగరనే కూడదు.

అసోసియేషన్ల కార్యవర్గ మిత్రులకు, అంటే మా బోటి వాళ్లకు, తక్కువే చెబుతాను. మేం మూడు కొటేషన్లు తెప్పించి అన్నిటికన్నా చౌకదాన్ని ఎంచుకున్నాం. ఎక్కువ చెప్పిన ఒకాయన రెండుసార్లు రావాలన్నాడు, రాత్రిపూట రావాలన్నాడు, వానాకాలం దాకా ఆగమన్నాడు. పని తప్పించుకోవడానికి సాకులు చెబుతున్నాడని మీటింగులో నవ్వుకున్నాం. పని తెలిసినవాడు ఆయనొక్కడే. కొటేషన్ తెప్పించేటప్పుడు ధరకన్నా ముందు ‘ఎప్పుడొస్తారు, మమ్మల్ని ఏం సిద్ధం చెయ్యమంటారు’ అని అడగండి. ‘మీరేం చెయ్యక్కర్లేదు సార్, మేం చూసుకుంటాం’ అంటే ఆ కొటేషన్ పక్కన పెట్టండి. వచ్చేవాళ్లకు థర్మోగ్రఫీలో ఏ స్థాయి సర్టిఫికెట్ ఉందో కాగితం చూపించమనండి. నోటీసు అంటించడం మన పని కూడా. లిఫ్టులో అంటిస్తే సరిపోదు. వాచ్‌మెన్‌ను ఇంటింటికీ పంపి చెప్పించండి, నోటీసు చదవలేని పెద్దవాళ్లున్న ఇళ్లకు మీరే వెళ్లండి.

మా దగ్గర సర్వే చేసిన సంస్థవారు ఈ లేఖ చదువుతున్నారని తెలుసు. మీ నుంచి మాకు రావాల్సినవి మూడు. ఆ రోజు తీసిన అసలు ఫైళ్లు అన్నీ. సెల్లార్ ప్యానెళ్లను రాత్రి లోడు మీద, ఆక్రిలిక్ షీట్లు తీయించి, మా ఖర్చు లేకుండా మళ్లీ చూడడం. నాలుగో అంతస్తు దంపతులకు 68,000 రూపాయలు, దాంతోపాటు ఒక క్షమాపణ ఉత్తరం. ఉత్తరం తెలుగులో ఉండాలి, మీ రిపోర్టును ఆయన తన మనవడితో చదివించుకోవాల్సి వచ్చింది. ఈ నెలాఖరులోగా ఇవి రాకపోతే మీ రిపోర్టు, మా ఎలక్ట్రీషియన్ పుస్తకం, తవ్విన నేల ఫొటోలు జతచేసి వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. కాగితాలు సిద్ధంగానే ఉన్నాయి.

వాళ్ల బాత్రూమ్‌లో ఇప్పుడు సగం నేల ఒక రంగు, సగం ఒక రంగు. పాత టైల్స్ ఆ డిజైన్‌లో ఇక రావట్లేదట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్